ఎడమ పిడికిట్లో తాళాలు

జహీరాబాద్,
9 జులై 1978

తమ్ముడు రేవణసిద్ధప్పకు,

అక్క శరణమ్మ శరణు. ఇక్కడ అందరం కులాసా. మొన్నటి వానకు అల్లం మడులు తేరుకున్నాయి, మీ బావ ముఖం కూడా తేరుకుంది.

నవల నిన్న మధ్యాహ్నం ముగించాను. ముగించానంటే బసవరాజు ఇచ్చినంతవరకు. బస్టాండు దగ్గర అతని అద్దె పుస్తకాల కొట్లో నాకొక్కదానికే ఈ శిక్ష. కుట్టు విప్పి ఆఖరి పదహారు పేజీలు సొరుగులో దాచి మిగతాది చేతికిస్తాడు. హంతకుడు ఎవరో నేను నా తీర్పు నీకు రాయాలి, నువ్వక్కడ అదే నవల తెచ్చుకుని నీ తీర్పు నాకు రాయాలి. రెండూ చూపిస్తేనే ఆ పదహారు పేజీలు. ‘పోయినసారి పేపర్ల రాసే మీ తమ్ముడే గెలిచిండక్కా. ఈసారి జర సోంచాయించి రాయి’ అన్నాడు.

ఇదివరకటి డిటెక్టివ్ పుస్తకాల్లో పిస్తోళ్ళు, ముసుగులు ఉండేవి. ఇందులో అవేవీ లేవు. ఒక మనిషి అన్నం కలుపుకుని, ముద్ద ఎత్తకుండా లేచిపోతాడు. దానికి రెండు పేజీలు. ఆ రెండు పేజీలు చదివేలోగా నా చేతికంటిన రొట్టెపిండి ఎండిపోయింది. అత్తమ్మ చూసి, ‘పుస్తకం బువ్వ పెడ్తదా మనకు?’ అన్నది.

నా తీర్పు భర్తే. భార్య డాబా మీదనుంచి పడిపోయిందని ఆమె తమ్ముడు ఏడ్చాడు, కింద వాటాలో ఉండేవాడు పారిపోయాడు. భర్త మాత్రం పరామర్శ ఉత్తరాలన్నిటికీ వరసగా జవాబులు రాశాడు. ఏడ్చినవాడిని వదిలేయాలి తమ్ముడూ. ఏడవనివాడినే చూడాలి.

బసవరాజు భార్య శివమ్మ కూడా కొట్లోనే ఉంది. ఎవడో పెన్సిలుతో పుస్తకాల మొదట్లోనే హంతకుడి పేరు రాసిపోతున్నాడట. ఆమెకు చదువు రాదు. పెన్సిలు గీత కనబడితే చాలు, రబ్బరుతో తుడిచేస్తుంది. ‘ఎంతమంది హంతకుల్ని కాపాడినవే నువ్వు’ అన్నాను. ‘నాకెరుకైతే మీకు చెప్పకుంట ఉంటనా అక్కా’ అని నవ్వింది.

నీ తీర్పు త్వరగా రాయి.

నీ అక్క,
శరణమ్మ


హైదరాబాద్,
17 జులై 1978

అక్కా,

నా తీర్పూ భర్తే. కాని ఏడవకపోవడం నాకు తట్టలేదు. డాబా మెట్ల తాళం అతని దగ్గరే ఉందన్న వాక్యం పట్టుకున్నాను. మనసు చూసి నువ్వు చేరిన చోటికే వస్తువు చూసి నేను చేరాను. మార్కులు నీకే ఎక్కువ.

నిజం చెబితే నువ్వు నవ్వుతావు. తొమ్మిదేళ్ళుగా పత్రికలో నేరవార్తలు రాస్తున్నాను. ఇంతవరకు చిక్కుముడి ఉన్న హత్య ఒక్కటీ తగల్లేదు. చంపినవాడు సాయంత్రానికి దొరుకుతాడు. ఎందుకు చంపావంటే, కోపమొచ్చింది అంటాడు. అంతే, నాలుగు వాక్యాలు. అందుకే ఇంటికొచ్చి నవలలు చదువుతాను.

ఒక్క సలహా. ఈమధ్య నీ ఉత్తరాల్లో ‘భయంకరమైన’, ‘క్రూరమైన’ ఎక్కువవుతున్నాయి. అవి కొట్టేయి. చూసింది రాయి, విన్నది ఎవరి నోట విన్నావో రాయి. మిగిలింది చదివేవాడే చేసుకుంటాడు.

బసవరాజును అడిగానని చెప్పు.

రేవణ


జహీరాబాద్,
24 సెప్టెంబర్ 1978

తమ్ముడూ,

శివమ్మ చనిపోయింది. పోయిన మంగళవారం పొద్దున. పెరట్లో నీళ్ళ హౌజులో పడింది. నీకు ఎట్లా రాయాలో నాలుగు రోజులు తెలియలేదు. నువ్వు చెప్పినట్టే, చూసింది చూసినట్టు రాస్తాను.

హౌజులో నీళ్ళు నడుము లోతు. నేనే చూశాను. ఇరవై నాలుగేళ్ళ మనిషి, న్యాల్‌కల్‌లో బావుల్లో ఈదిన పిల్ల.

నేను వెళ్ళేసరికి వరండాలో పడుకోబెట్టారు. బసవరాజు ఏడవడం లేదు. వచ్చినవాళ్ళకు చాయ పెట్టించాడు. మీ బావ ‘డాక్టర్‌ని పిలుద్దాం బసవా’ అంటే ‘ఇంకేం జూస్తడు బావా’ అన్నాడు. మేము లోపలికి పోతుంటే గూట్లోంచి చిన్న మందు సీసా తీసి జేబులో వేసుకున్నాడు. నేను చూశానని అతను చూడలేదు.

స్నానం చేయించింది మా వాడకట్టు ముసలామె బస్వమ్మవ్వ, నేను. సమాధిలో కూర్చోబెట్టే ముందు ఎడమ అరచేతిలో ఇష్టలింగం పెట్టాలి కదా. ఆ పిడికిలి బిగుసుకుని ఉంది. నేనే వేళ్ళు ఒక్కొక్కటి విప్పాను. లోపల బీరువా తాళాల గుత్తి. అరచేతిలో పళ్ళచక్రం లెక్క అచ్చు పడింది. బస్వమ్మవ్వ తాళాలు తీసి పక్కన పెట్టి ఇష్టలింగం అందుకుంది.

న్యాల్‌కల్ నుంచి తండ్రి మహాదేవప్ప వచ్చాడు. మామా అల్లుడూ పక్కకు పోయి మాట్లాడుకున్నారు. సూర్యుడు దిగకముందే సమాధి చేశారు.

తీర్పు రాయను. నాకు తోచిందే నీకూ తోస్తుంది.

శరణమ్మ


హైదరాబాద్,
29 సెప్టెంబర్ 1978

అక్కా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. కొన్ని కావాలి. సీసా గాజుదా, ప్లాస్టిక్‌దా? గోళీలా, ద్రవమా? తాళాలు ఇప్పుడెవరి దగ్గర ఉన్నాయి? హౌజులోంచి తీసింది ఎవరు, తీసేటప్పుడు చూసినవాళ్ళు ఉన్నారా? డాక్టర్ ఎవరూ చూడలేదన్నది ఖాయమేనా?

తెలిసినవి రాయి. తెలియనివి తెలియదని రాయి.

రేవణ


జహీరాబాద్,
4 అక్టోబర్ 1978

తమ్ముడూ,

నీ కార్డు చూస్తే కొంచెం ధైర్యం వచ్చింది. ఒక్కదాన్నే ఆలోచించుకుంటూ కూర్చుంటే తల పగిలిపోతుంది. నువ్వూ నాతో కూర్చున్నట్టుంది.

గాజు సీసా, తెల్ల గోళీలు. తాళాలు బసవరాజు నడుముకు ఉన్నాయి. తీసింది అతనొక్కడే. కేక విని పక్కింటివాళ్ళు వచ్చేసరికి ఆమెను ఒళ్ళో పెట్టుకుని, ఆ పిడికిలి తన చేత్తో మూసి పట్టుకుని ఉన్నాడట. డాక్టర్ ఎవరూ చూడలేదు, ఖాయం.

పదకొండో రోజుకే కొట్టు తెరిచాడు. కందులు తేవడానికి పోతూ ఆగాను. ‘ఏదన్న చదువుకుంటవా అక్కా’ అని తనే అడిగాడు. కొత్త నవల ఇచ్చాడు. దీనికి ఆఖరి పేజీలు విప్పలేదు. ‘శాతగావట్లే’ అన్నాడు. పుస్తకం తెచ్చి రెండు రోజులు ముట్టలేదు. మూడోరోజు మొత్తం చదివాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

అక్క


హైదరాబాద్,
12 అక్టోబర్ 1978

అక్కా,

కత్తిరించి పంపుతున్నాను. జిల్లా వార్తల పేజీలో వచ్చింది. పేర్లు వేయలేదు.

‘జహీరాబాద్, అక్టోబర్ 10: పట్టణంలో గత నెల 19న ఒక వివాహిత ఇంటి పెరట్లోని హౌజులో పడి మరణించింది. హౌజులో నీరు నడుము లోతుకు మించి లేదు. మృతురాలి ఎడమ పిడికిట్లో బీరువా తాళాలు ఉన్నాయి. భర్త ఒక మందు సీసాను జేబులో వేసుకోవడం చూసినవారున్నారు. శవాన్ని డాక్టర్ పరీక్షించలేదు. అదే సాయంత్రం సమాధి చేశారు.’

ఆరు వాక్యాలు. ఒక్క విశేషణం లేదు. ఆ అమ్మాయి తరఫున అడిగేవాళ్ళు లేరనే కదా నువ్వు నాకు రాసింది. ఇక పోలీసులు చూసుకుంటారు.

రేవణ


జహీరాబాద్,
21 అక్టోబర్ 1978

రేవణసిద్ధప్పా,

ఎవరు వేయమన్నారు నిన్ను?

సోమవారం పోలీసులు వచ్చి బసవరాజును తీసుకుపోయారు. బుధవారం సమాధి తవ్వారు. తహసీల్దారు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మనలో కాల్చరు కనుకనే తవ్వగలిగారు. నేను పోలేదు. మీ బావ పోయి వచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ‘కూర్చోబెట్టింది కూర్చున్నట్టే ఉండె’ అన్నాడు. 

తాళాల సంగతి నాకు, బస్వమ్మవ్వకు, బసవరాజుకు తప్ప ఎవరికీ తెలియదు. మీ బావకు కూడా నేను చెప్పలేదు. పేపరు పట్టుకుని నన్ను అడిగాడు, ‘గీ తాళాల ముచ్చట వానికెట్ల దెలిసె?’ అని. నేను పొయ్యి ఊదుతూ కూర్చున్నాను.

నేను నీకు నవల గురించి రాసినట్టు రాశాను. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటున్నాం అనుకున్నాను. నీ ప్రశ్నలు కూడా ఆటలో ప్రశ్నలే అనుకున్నాను.

శరణమ్మ


హైదరాబాద్,
26 అక్టోబర్ 1978

అక్కా,

నువ్వు రాసింది నవల గురించి కాదు, చచ్చిపోయిన మనిషి గురించి. నువ్వు న్యాయం అడుగుతున్నావనుకున్నాను. ఆ ఉత్తరం నా చోట ఎవరి చేతిలో పడినా అట్లాగే అనుకుంటారు.

వార్తలో అబద్ధం ఏదైనా ఉంటే చూపించు. అతను నిర్దోషి అయితే తవ్వడం వల్ల అతనికే మంచిది, అనుమానం పోతుంది.

ఎవరికీ ఏమీ చెప్పకు. వార్త ఇచ్చినవాళ్ళ పేరు నేను ఇంతవరకు బయట పెట్టలేదు, నీది అసలే పెట్టను. నా ఉత్తరాలు చించేయి.

రేవణ


జహీరాబాద్,
30 అక్టోబర్ 1978

తమ్ముడూ,

బసవరాజు తిరిగి వచ్చాడు. ఆరు రోజులు ఉంచారు. చెప్పులు లేకుండా నడిచి వచ్చాడు. ఒంటి మీద గాయం లేదు, విషం లేదు అని రిపోర్టు వచ్చిందట. కాని విడిపించింది రిపోర్టు కాదు, మహాదేవప్ప.

శివమ్మకు మూర్ఛ ఉంది. పెళ్ళయిన రెండో ఏడు మొదలైంది. ఇక్కడ తెలియకుండా బీదర్‌లో డాక్టర్‌కు చూపించేవాళ్ళు. ఆ గోళీలు అవే. ఆ పొద్దున నీళ్ళు ముంచుతుంటే వచ్చింది, తల ముందుకు పడింది. అతను తీసేసరికి ఇంకా కొట్టుకుంటోందట. అందుకే తాళాలు పిడికిట్లో పెట్టి మూసి పట్టుకున్నాడు.

డాక్టర్ వస్తే మూర్ఛ సంగతి బయటపడుతుంది. చెల్లెలు కస్తూరికి హుమ్నాబాద్ సంబంధం ఖాయమై ఉంది, అదే వారం గురువారం వాళ్ళు రావలసి ఉంది. అక్కకు మూర్ఛ అని తెలిస్తే చెల్లెను ఎవరు చేసుకుంటారు? ‘నా రోగం చెల్లె పెండ్లికి అడ్డం రావొద్దు’ అని శివమ్మే మొగుడి దగ్గర మాట తీసుకుందట. ఆరు రోజులు అడిగినా అతను చెప్పలేదు. ఏడోరోజు మహాదేవప్ప బీదర్ డాక్టర్ రాసిన చిట్టీలు తెచ్చి బల్ల మీద పెట్టి, ఠాణాలో అందరి ముందూ చెప్పాడు. సాయంత్రానికి హుమ్నాబాద్ దాకా పాకింది. సంబంధం పోయింది.

బస్వమ్మవ్వ దగ్గరికి పోయాను. ‘నీకు తెలుసా అవ్వా’ అన్నాను.

‘తాళాలు జూసిన్నాడే ఎరుక.’

‘ఎట్ల?’

ఆమె నన్ను వింతగా చూసింది. ‘ఎట్లేందే? మూర్ఛొచ్చినోల్ల చేతిల ఇనుము గాకుంటె ఏం బెడ్తరు? పొరగాల్లనడుగు, వాల్లు గూడ చెప్తరు. చిన్నదాని పెండ్లున్నదని నోర్మూసుకున్న. నీకు గూడ ఎరుకేనని, నువ్వు గూడ గందుకే ఊకున్నవనుకున్న.’

మన ఇంట్లో కూడా చేశాం రేవణా. ఎంకయ్య జీతగాడు దొడ్లో పడిపోతే అమ్మ పరుగెత్తి తాళాలు తెచ్చి పెట్టలేదా? నువ్వు పక్కనే ఉన్నావు. నాకు ఆ రోజు బీరువా తప్ప ఇంకేమీ కనబడలేదు. డబ్బు కోసం చంపాడు, లేకుంటే ఇంకో ఆడది ఉంది. ఈ రెండే. అన్ని పుస్తకాలు చదివితే ఈ రెండే మిగిలాయి.

శరణమ్మ


హైదరాబాద్,
8 నవంబర్ 1978

అక్కా,

సవరణ వేయమని ఎడిటర్‌గారిని అడిగాను. వార్త తెప్పించి చదివారు. ‘ఇందులో తప్పు ఏ వాక్యం?’ అన్నారు. చూపించలేకపోయాను. నీళ్ళు నడుము లోతే. తాళాలు ఉన్నాయి. సీసా ఉంది. డాక్టర్ చూడలేదు. ‘తప్పు లేనిదానికి సవరణ ఏమని వేస్తాం’ అన్నారు. ఆయన అన్నది సరైనదే.

మూర్ఛ గురించి ఇంకో వార్త వేయవచ్చు అన్నారు. వేస్తే ఆ పిల్ల సంగతి ఇంకో పది ఊళ్ళకు తెలుస్తుంది. వద్దన్నాను.

నేరవార్తల నుంచి తప్పించమని అడిగాను. ఇప్పుడు మార్కెట్ ధరలు రాస్తున్నాను. మీ అల్లం ధర కూడా నేనే వేస్తాను.

బసవరాజుకు మాత్రం చెప్పకు. చెబితే నీ బరువు దిగుతుంది, అతనికి ఇంకో బరువు ఎక్కుతుంది.

రేవణ


జహీరాబాద్,
3 డిసెంబర్ 1978

తమ్ముడూ,

చెప్పవద్దన్నావు. నెల దాకా ఆగాను. తాళాల సంగతి బస్వమ్మవ్వే చెప్పి ఉంటుందని వాడకట్టులో మాట పుట్టింది. ఆమెకు ఎనభై ఏళ్ళు. ఆమె గడపలోకి ఎవరూ పోవడం లేదు. ఇంకో నిరపరాధిని పట్టించలేను.

కొట్టుకు పోయాను. బసవరాజు పుస్తకాలు తక్కెట్లో వేసి రద్దీ కాగితాలు కొనేవాడికి అమ్ముతున్నాడు. అతను పోయేదాకా నిలబడ్డాను. తర్వాత చెప్పాను. నేనే రాశాను, నా తమ్ముడే వేశాడు అని.

‘ఎరుకే అక్కా’ అన్నాడు.

‘ఎప్పటి సంది?’

‘పేపర్ల జూసిన్నాటి సంది. ఎడమ పిడికిలి అని రాసిన్రు. బస్వమ్మవ్వకు ఎడమ ఏదో కుడి ఏదో యాదుండదు. రాసింది ఎవలో, రాపిచ్చింది ఎవలో ఠాణాల గూసొని అప్పుడే సోంచాయించిన. ఏం పెద్ద కష్టం గాలె.’

‘మరి వచ్చినంక నన్నెందుకు అడగలేదు బసవా?’

‘అడిగి ఏం జెయ్యాలె? ఆ పుస్తకాలు మీకు ఇచ్చింది నేనే గద.’

తిట్టలేదు. బెంచీ తుడిచి కూర్చోమన్నాడు. తిడితే బాగుండేది. ఒక్కటే అడిగాడు. ‘నేను ఏడ్వలేదని గద అక్కా నీకు శక్ వచ్చింది?’ అవునన్నాను. ‘పిడికిలి వదిలిపెట్టి ఏడుస్తే ఆమెకు తెలివి రాదని పట్టుకున్న. ఆమె పోయిందని వాల్లు చెప్పేదాక నాకు తెల్వదు. ఆ తర్వాత ఏడుపు రాలె’ అన్నాడు.

బస్వమ్మవ్వ పేరు తుడవడానికి మీ బావకు కూడా చెప్పాను. ఇంట్లో మాటల్లేవు.

శరణమ్మ


జహీరాబాద్,
18 ఫిబ్రవరి 1979

రేవణా,

రెండు ఉత్తరాలకు జవాబు లేదు. అయినా ఇది రాయాలి.

నిన్న న్యాల్‌కల్‌లో బసవరాజు పెళ్ళి అయింది. పెళ్ళికూతురు కస్తూరి, శివమ్మ చెల్లెలు. ఇంకెవరూ చేసుకోరు కనుక మహాదేవప్పే వచ్చి అల్లుడిని అడిగాడు. బసవరాజు మూడుసార్లు కాదన్నాడు. ‘నువ్వు గూడ కాదంటే దాన్ని బాయిల దొబ్బాల్నా?’ అని ముసలాయన అన్నాక ఒప్పుకున్నాడు. నన్ను పిలవడానికి బసవరాజే స్వయంగా వచ్చాడు. ‘నువ్వు రాకుంటే జనం ఇంకోటి అనుకుంటరు అక్కా’ అన్నాడు.

ఆడవాళ్ళు పసుపు తేవడానికి బయటికి పోయినప్పుడు కస్తూరి నా చెయ్యి పట్టుకుంది. పదిహేడేళ్ళు. అక్కలాగే సన్నటి వేళ్ళు.

‘పెద్దమ్మా, మా అక్కకు తానం పోసింది మీరేనంట గద.’

‘అవును బిడ్డా.’

‘మీకైతే తెల్సుంటది. నిజం జెప్పుండ్రి. ఆయనే సంపిండా?’

లేదన్నాను. మూర్ఛ అన్నాను. బీదర్ డాక్టర్ సంగతి, గోళీల సంగతి, తాళాల సంగతి అన్నీ చెప్పాను. ఒక్క మాట కల్పించలేదు. ఆ పిల్ల నెమ్మదిగా వింది.

‘మా అక్కకు మూర్ఛ రాంగ నేనెన్నడు జూడలే. ముందటేడు దసరాకొచ్చి నెల్రోజులు ఉన్నది, అప్పుడు గూడ రాలె. ఆయన్ని ఇడిపిచ్చెతందుకు మా బాపు చెప్పిండు గావచ్చు. చిట్టీలదేమున్నది, ఎవలతోనన్న రాపియ్యొచ్చు. గోళీలు మూర్ఛకేనని ఎవలు జూసిన్రు? నడుము లోతు నీళ్లల్ల మనిషి ఎట్ల సస్తది పెద్దమ్మా?’

నేను సెప్టెంబర్‌లో నీకు రాసినవన్నీ నాకే తిప్పి చెప్పింది. నా దగ్గర జవాబు ఉంది. నిజమైన జవాబే. కాని ఆమె నా ముఖం చూస్తూ వినడం మానేసింది. అందరిలాగే నేను కూడా పెళ్ళి జరగాలని చెబుతున్నాను అనుకుంది.

‘వార్త రాసింది మేమే బిడ్డా, మేము తప్పుగ అనుకున్నం’ అని కూడా చెప్పాను. ‘ముందుగాల మీకు గట్ల ఎందుకు అనిపిచ్చింది మరి?’ అన్నది.

అంతలో శివమ్మ మేనత్త లోపలినుంచి పిలిచింది. కస్తూరి కళ్ళు తుడుచుకుని లేచింది. బసవరాజు ఇంట్లో నల్లా పెట్టించాడా, లేక నీళ్ళు ఇప్పటికీ ఆ హౌజులోనే ముంచుకోవాలా అని అడిగింది. తెలియదన్నాను.

తర్వాత అయ్యగారు మంత్రం చెప్పారు. బసవరాజు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల అతని చేతులు చూస్తూ కూర్చుంది. అక్షింతలు పంచారు. అందరితోపాటు నేనూ వేశాను.

శరణమ్మ